పొయ్యక్క సంతకం

ఆ షెడ్డులో పొయ్యక్కను ఇంకో పేరుతో పిలిచినవాళ్ళు లేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుందని హాజరు పట్టీకి మాత్రమే తెలుసు. పొయ్యి అంటే వంటింటి పొయ్యి అనుకునేరు. మూతపడిన ఒక బేకరీ నుంచి షెడ్డు నడిపే మేడం కొనితెచ్చిన పాత ఓవెన్ అది. మనిషి తల వంచకుండా లోపలికి నడిచి వెళ్ళేంత ఎత్తు, రెండు ఇనప తలుపులు, ఎడమ తలుపు మీద వేడి చూపించే గుండ్రటి ముల్లు. ఒకప్పుడు అందులో రొట్టెలు కాలేవి. పదకొండేళ్ళుగా పెట్టెలు కాలుతున్నాయి.

పెట్టెలు కాల్చడమేమిటని అడుగుతారు. కోతలయ్యాక పొలంలో మిగిలే పత్తి కట్టె, మొక్కజొన్న కండె ఒకప్పుడు రైతుకు అడ్డం. అగ్గిపుల్ల గీసి తగలబెట్టి, నాలుగు రోజులు ఊరందరి కళ్ళూ మండించి చేతులు దులుపుకునేవాడు. ఇప్పుడు అదే చెత్త ట్రాక్టర్లెక్కి ఈ షెడ్డుకు వస్తోంది. దాన్ని పొడి కొట్టి, ఆవిరి పట్టి, చల్లార్చి, పుట్టగొడుగు విత్తనం కలిపి అచ్చుల్లో నింపుతారు. చీకటి గదిలో ఐదు రోజులు వదిలేస్తే ఆ పొడి సందుసందునా తెల్లటి బూజు అల్లుకుపోయి, మెత్తటి ముద్ద కాస్తా గట్టిపడుతుంది. అచ్చు విప్పితే పెట్టె. గాజు దీపాలూ పింగాణీ సామానూ అందులో పెట్టి పంపితే చెక్కు చెదరవు. పని తీరాక పెరట్లో పారేస్తే రెండు మూడు నెలల్లో మట్టిలో కలిసిపోతుంది. థర్మోకోల్ లాగా మన మునిమనవల నెత్తి మీద కూర్చోదు.

ఒక్కటే తిరకాసు. అచ్చు విప్పాక కూడా లోపలి బూజు బతికే ఉంటుంది. తాను పెట్టె అయిపోయానన్న సంగతి దానికి తెలియదు కదా. కాస్త తడి తగిలితే చాలు, తన మానాన తాను మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. అందుకే ఓవెన్లో ఎనభై డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చి దాని ఆట కట్టించాలి. ఆ నాలుగు గంటలకూ కాపలా పొయ్యక్క.

ఓవెన్ పక్కన మేకుకు ఒక రిజిస్టరు వేలాడుతూ ఉంటుంది. బ్యాచి నెంబరు, పెట్టిన వేళ, తీసిన వేళ, చివరి గడిలో సంతకం. పనిలో చేరేనాటికి పొయ్యక్కది వేలిముద్ర. ఆ చివరి గడి కోసమే ముప్పై నాలుగేళ్ళ వయసులో కూతురి నోటుపుస్తకం ముందేసుకుని అక్షరాలు దిద్దింది. ఇప్పటికీ ఆమె సంతకంలో ఏ అక్షరానికి ఆ అక్షరం విడివిడిగా, ఎవరో వచ్చి మార్కులు వేస్తారన్నంత గుండ్రంగా ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు వేడిని నమోదు చేసే యంత్రం ఏదని అడిగితే మేడం ఆ సంతకం చూపించేది.

"ఇదే మా యంత్రం. ఇంతవరకూ రిపేరు రాలేదు," అనేది.

ఆ మాట ఎన్నిసార్లు విన్నా పొయ్యక్క మొదటిసారి విన్నట్టే మొహం పక్కకు తిప్పుకుని, తుడిచిన తలుపునే మళ్ళీ తుడిచేది. మనిషికి గర్వం ఉంటే తప్పేముంది? ఆమెకున్నది అదొక్కటే, అదీ కష్టపడి సంపాదించుకున్నది.

రిపేరు ఆ వేసవి మొదట్లోనే వచ్చింది.

అప్పటికి ఎండలు మొదలై వారం కూడా కాలేదు, రేకుల కింద నలభై మూడు డిగ్రీలు. పూర్వం ఇలాంటి ఎండ వేసవి చివర్లో చుట్టంలా వచ్చి నాలుగు రోజులుండి పోయేది. ఇప్పుడు ముందే వచ్చి పెట్టే బేడా సర్దుకుని కూర్చుంటోంది. ఆ రోజు దీపాల కంపెనీకి పోవాల్సిన పెట్టెలు పన్నెండింటికి పావుగంట ముందు ఓవెన్లోకి వెళ్ళాయి. తీయాల్సింది మూడూ ముప్పావుకి, వ్యాను వచ్చేది నాలుగింటికి. రెండు దాటాక అందరూ వెనక చెట్టు కింద భోజనాలకు కూర్చున్నారు. లోపల పొయ్యక్కా, అచ్చులు విప్పుతున్న ఆమె ఆడపడుచూ మిగిలారు. ఆడపడుచంటే మొగుడి చెల్లెలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బస్సు. రోజుకు రెండుసార్లు పోట్లాడుకుని ఒకే క్యారియరులో తినే రకం. విప్పుతున్న అచ్చు చేతిలో ఉండగానే ఆడపడుచు కళ్ళు తేలేసి ఓవెన్ తలుపు ముందు కూలబడిపోయింది.

పొయ్యక్కకు పైప్రాణాలు పైనే పోయాయి. ముందు ఓవెన్ ఆర్పేసింది. తరవాత మనిషిని చంకల కింద పట్టి కిటికీ దగ్గరికి ఈడ్చుకుపోయి, తలమీద బకెట్టు నీళ్ళు గుమ్మరించింది. పావుగంటకు గానీ ఆడపడుచు కళ్ళు నిలవలేదు. నిలవగానే వదిన చెయ్యి పట్టుకుంది.

"వదినా, మేడంకి చెప్పకు."

"చెప్పకుండా ఎలాగే? మొహం చూడు, పాలిపోయింది."

"చెప్తే వానలు పడేదాకా ఇంట్లో కూర్చోమంటుంది. నేను కూర్చోలేను వదినా. నీకు తెలీదా?"

పొయ్యక్కకు తెలుసు. ఎండదెబ్బ తగిలినవాళ్ళు వానలు పడేదాకా పనిలోకి రాకూడదన్నది మేడం పెట్టిన నియమం. మంచికే పెట్టింది. కానీ ఆడపడుచు మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చి రెండేళ్ళు కాలేదు. ఆ షెడ్డు లేకపోతే ఆమె రోజంతా గోడ చూస్తూ కూర్చుంటుంది. అలా కూర్చున్న నెలలు ఇంట్లో అందరికీ గుర్తున్నాయి.

ఓవెన్ వైపు చూస్తే ముల్లు కిందికి జారిపోయి ఉంది. మళ్ళీ ముట్టిస్తే ఎనభైకి ఎక్కడానికే గంట పడుతుంది. పెట్టెలు కాలింది రెండున్నర గంటలు. పొయ్యక్క ఒక పెట్టె తీసి వేలితో కొట్టి చూసింది. పైకి పొడిగానే మోగింది. ఫరవాలేదులే అనుకుంది. పదకొండేళ్ళలో ఆ మాట అనుకోవడం అదే మొదలు. రిజిస్టరు తీసి, తీసిన వేళ దగ్గర మూడూ ముప్పావు అని రాసి, ఎప్పటిలాగే గుండ్రంగా సంతకం పెట్టింది. తీసేటప్పుడు ఒక పెట్టెకు మూల విరిగింది. విరిగినవి ఇంటికి పట్టుకుపోవచ్చు కాబట్టి దాన్ని సంచిలో వేసుకుంది. ఇంట్లో అత్తగారు చూసి ముచ్చటపడి, దీపం కోసం చేసిన గుంటలో సబ్బూ పీచూ పెట్టుకుని స్నానాల గదిలో వాడుకోసాగింది.

ఆ తరవాతి ఆరు వారాలూ షెడ్డుకు మంచిగా గడవలేదు. సమస్య ఓవెన్‌ది కాదు, చీకటి గదిది. విత్తనంలోని బూజు ముప్పై నాలుగు డిగ్రీలు దాటితే ఊపిరాడనట్టు ఆగిపోతుంది. అచ్చులు సగం బోడిగా ఉండిపోయి, వాటి మీద పచ్చటి పాడు బూజు పట్టేది. గదిని చల్లబరిచే యంత్రాలు రాత్రింబగళ్ళు తిరిగినా లాభం లేకపోయింది. నిరుడు వేసవిలో రెండు నెలలు పని ఆపారు. ఈసారి మూడు నెలలు ఆపాల్సి వచ్చేలా ఉంది.

మేడం అందరినీ కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పేసింది. "చల్లదనం కోసం ఇంత కరెంటు తగలేసి, గేటు మీద ప్రకృతిని కాపాడుతున్నామని బోర్డు పెట్టుకుంటే నాకే నవ్వొస్తోంది. వేడికి తట్టుకునే విత్తనం దొరికితే సరి. లేకపోతే వచ్చే వేసవికి ఈ షెడ్డు ఉండదు. ఏడాదిలో నాలుగో వంతు మూసుకుని కూర్చునేదాన్ని నేను నడపలేను."

షెడ్డు పోతే పద్దెనిమిది మంది ఇళ్ళకు పోతారు. రైతు మళ్ళీ అగ్గిపెట్టె తీస్తాడు.

ఆ విత్తనం వెతికే పని సీసాల అమ్మాయిది. షెడ్డు మూలన అద్దాల గదిలో, గాజు బిళ్ళలూ సీసాలూ ముందేసుకుని కూర్చునే చదువుకున్న పిల్ల కాబట్టి ఆ పేరొచ్చింది. ఎక్కడెక్కడి నుంచో రకాలు తెప్పించి పెంచి చూస్తోంది. పదమూడు రకాలు తెచ్చింది, పదమూడూ వేడికి చేతులెత్తేశాయి. ఆ పిల్ల మధ్యాహ్నం తిండి మరిచిపోతే గుర్తుచేసి టీ ఇచ్చి వచ్చేది పొయ్యక్కే.

అలాంటి రోజుల్లో దీపాల కంపెనీ నుంచి వ్యాను వెనక్కి వచ్చింది. అందులో పన్నెండు పెట్టెలు. ప్రతి పెట్టె అంచునా చిన్న చిన్న పుట్టగొడుగులు, గొడుగుల్లా కాదు, పొరలు పొరలుగా, గోధుమ రంగులో. దీపం కొన్న పెద్దమనిషి మూత తీసి, లోపల తోట చూసి జడుసుకున్నాడట. షెడ్డులో వాళ్ళు కడుపుబ్బ నవ్వారు. పొయ్యక్కకు మాత్రం పెట్టె అడుగున ముద్రించిన నెంబరు చూడగానే గుండె గుభేలుమంది.

మేడం నవ్వలేదు. రిజిస్టరు తెప్పించి, నెంబరు వెతికి, ఆ వరస మీద వేలు పెట్టింది.

"నాలుగు గంటలు. సంతకం ఉంది," అంది మేడం, రిజిస్టరు మూసేస్తూ. "ఇక ఓవెన్ సంగతి మాట్లాడక్కర్లేదు. వాళ్ళ గోదాములోనే ఏదో తడి తగిలి ఉంటుంది. సీసాల అమ్మాయి రేపు ఊరి నుంచి వచ్చాక కోసి చూస్తుంది. అప్పటిదాకా పక్కన పెట్టండి."

ఇంకెవరైనా అయితే అమ్మయ్య అనుకునేవాళ్ళు. పొయ్యక్కకు చెంప మీద కొట్టినట్టయింది. విచారణ ఆమె సంతకం దగ్గరికి వచ్చి, దండం పెట్టి, వెనక్కి వెళ్ళిపోయింది. రేపు సీసాల అమ్మాయి కత్తి పెట్టి కోస్తే లోపలి తడి బయటపడుతుంది. సగమే కాలిన పెట్టెకూ పూర్తిగా కాలిన పెట్టెకూ తేడా ఆ పిల్ల కళ్ళు మూసుకుని చెప్పగలదు.

భయం వేసిన మనిషి చేసే తెలివితక్కువ పనులకు లెక్కుండదు. ఆ మధ్యాహ్నమే పొయ్యక్క ఆ పన్నెండు పెట్టెలనూ ఆ రోజు బ్యాచితో పాటు ఓవెన్లోకి ఎక్కించింది. ఈసారి ఒక్క నిమిషం తగ్గించలేదు. ఎవరో అడిగితే, ఆ పుట్టగొడుగుల పొడి గాలికి ఎగిరి చీకటి గదిలోకి పోతే ఉన్న అచ్చులు కూడా పాడైపోతాయి, అందుకే కాల్చేశానంది. విన్నవాళ్ళు అవునవును, మంచి పని చేశావన్నారు.

మర్నాడు సీసాల అమ్మాయి బస్సు దిగి సంచి కూడా కింద పెట్టకుండా ఓవెన్ దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, ఆ పెట్టెలేవి? మేడం చెప్పగానే దీపాల కంపెనీ గోదాముకు ఫోన్ చేసి కనుక్కున్నాను. రేకుల గోదామట. లోపల నలభై దాటుతుందట. ఆ వేడిలో మన బూజు పెరిగి కాయ కాసిందంటే మాటలు కాదు. నేను దేశాలన్నీ గాలిస్తున్నది దాని కోసమే."

పొయ్యక్క చేత్తో ఓవెన్ పక్కన పేర్చిన దొంతర చూపించింది. సీసాల అమ్మాయి ఒక పెట్టె చేతిలోకి తీసుకుంది. పుట్టగొడుగులు నల్లగా, ఎండిన తోలు ముక్కల్లా ముడుచుకుని ఉన్నాయి. ముట్టుకుంటే రాలాయి. ఆ పిల్ల అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

"మీరు మంచికే చేశారులే అక్కా. మీకేం తెలుసు పాపం," అంది.

వారం రోజుల పాటు ఆ మాడిన ముక్కల్లోంచి నలుసంత నలుసంత తీసి గాజు బిళ్ళల్లో వేసి, ఏదైనా మొలుస్తుందేమోనని చూసింది. ఒక్కటీ మొలవలేదు. పొయ్యక్క ఎప్పటిలాగే టీ పట్టుకెళ్ళి ఇచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ ఖాళీ బిళ్ళలు చూడలేక తల తిప్పుకుని వచ్చేసేది. ఎనిమిదో రోజున సీసాల అమ్మాయి బిళ్ళలన్నీ కడిగి బోర్లించింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు వాకిట్లోనే ఎదురైంది.

"నీ పెట్టెకి చెవులొచ్చాయే," అంది.

"ఏ పెట్టె అత్తయ్యా?"

"సబ్బు పెట్టే. నాలుగు రోజులుగా చూస్తున్నాను. మొదట పిల్లాడి చెవంత ఉండేవి, ఇవాళ మీ మామగారి చెవులంత అయ్యాయి. ఆయన లాగే నేనేం మాట్లాడినా వినిపించుకోవడం లేదు."

పొయ్యక్క చెప్పులతోనే స్నానాల గదిలోకి పరిగెత్తింది. రేకుల కప్పు, అరచెయ్యంత కిటికీ, కాలు పెడితే ఆవిరి కొట్టే గది. మూలన, విరిగిన అంచు గోడవైపు తిప్పి పెట్టిన పెట్టె. దాని పక్కల నిండా గోధుమ రంగు చెవులు. వంగి ముట్టుకుంది. చల్లగా, బిరుసుగా, ప్రాణంతో ఉన్నాయి. ఆమె తడి నేలమీదే గొంతుక్కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషమెంతో భయమెంతో ఆమెకే తెలియలేదు.

వెనక నుంచి ఆడపడుచు వచ్చి చూసింది. ఆమెకు విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"వదినా, దాన్ని అవతల పారెయ్."

"ఇందులో ఉన్నది బతికుంది. ఆ పిల్ల వెతుకుతున్నది ఇదే."

"తీసుకెళ్తే ఏమని చెప్తావ్? ఏ బ్యాచి అంటుంది. ఎందుకు కాలలేదంటుంది. ఆ పన్నెండూ ఎందుకు తగలబెట్టావంటుంది. అన్నీ నీ మెడకే చుట్టుకుంటాయి."

"నా మెడకేనా, నీ మెడక్కూడానా?"

ఆడపడుచు మొహం ఎర్రబడింది. "నాక్కూడా. అవును. నేను అడిగానా నిన్ను దొంగ సంతకం పెట్టమని? చెప్పకు అన్నాను, అంతే."

ఆ మాట సూటిగా తగిలింది. నిజమే కాబట్టి పొయ్యక్క ఎదురు చెప్పలేదు. దొంగ సంతకం. పదకొండేళ్ళుగా చేసినదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క గడీ ఒక ఎత్తు. పారేస్తే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. మేడం తనిఖీవాళ్ళకు సంతకం చూపిస్తూనే ఉంటుంది, షెడ్డు ఉన్నన్నాళ్ళూ. ఎన్నాళ్ళుంటుందో మరి. వచ్చే వేసవికి తాళం పడితే, సంతకం మాత్రం నిష్కళంకంగా మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఆ ఊహకు ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

పొద్దున్నే పెట్టెను తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. ఆడపడుచు అలిగి రెండు సీట్ల ముందు కూర్చుంది. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూడలేదు.

సీసాల అమ్మాయి గుడ్డ విప్పి, చూసి, ముందు చేతులు కడుక్కుని వచ్చింది. కత్తిని మంటలో కాల్చి, ఒక చెవిని చీల్చి, లోపలి తెల్లటి కండను గోరంత తీసి గాజు బిళ్ళలో పెట్టింది. అలా ఆరు బిళ్ళలు. ఆ తరవాతే ఊపిరి వదిలి, పుస్తకం తీసింది.

"ఎక్కడ పెట్టారక్కా దీన్ని?"

"స్నానాల గదిలో."

"ఎంత వేడి ఉంటుంది?"

"రేకుల గది. మధ్యాహ్నం మనిషి నిలవలేడు."

"ఏ బ్యాచి?"

పొయ్యక్క పెట్టె తిప్పి అడుగున ముద్ర చూపించింది. సీసాల అమ్మాయి నెంబరు రాసుకుంటూ కనుబొమలు ముడిచింది. "ఇది ఆ దీపాల బ్యాచే కదా. ఓవెన్లో నాలుగు గంటలుండి ఎలా బతికింది?"

ఇప్పుడైనా నీళ్ళు నమలొచ్చు. ఏమో తల్లీ, నాకేం తెలుసు అనొచ్చు. ఆ పిల్ల నమ్ముతుంది కూడా. కానీ ఆ పుస్తకంలో తప్పు రాస్తే, ఆ పిల్ల ఆ తప్పును పట్టుకుని ఎన్ని నెలలు తిరుగుతుందో పొయ్యక్కకు తెలుసు.

"నాలుగు కాదమ్మా. రెండున్నర."

పెన్ను ఆగింది. సీసాల అమ్మాయి తలెత్తి చూసింది. ఆ చూపులో ఒకదాని వెనక ఒకటి అన్నీ అర్థమవుతూ వచ్చాయి.

"మరి ఆ పన్నెండు పెట్టెలు?"

"భయం వేసి కాల్చేశాను. నువ్వు కోస్తే బయటపడుతుందని."

"వారం రోజులు నేను ఆ మసిలో ప్రాణం వెతుక్కున్నాను," అంది సీసాల అమ్మాయి నెమ్మదిగా. "మీరు రోజూ వచ్చి టీ ఇచ్చి వెళ్ళారు."

తిట్టినా బాగుండేది. పొయ్యక్క తల వంచుకుని నిలబడింది. ఆ పిల్ల పుస్తకంలో ఓవెన్ అన్న చోట రెండున్నర గంటలు అని రాసి, దాని కింద రెండుసార్లు గీత గీసింది.

"ఓవెన్లో నీరసంగా ఉన్నవన్నీ చచ్చిపోయి ఉంటాయి. మొండివి మిగిలి ఉంటాయి," అంది, గొంతు మామూలు చేసుకుంటూ. "ఇదే మనకు కావలసిందని ఇప్పుడే చెప్పలేను. పెంచి చూడాలి. కానీ ఈ అంకె లేకపోతే అసలు మొదలుపెట్టలేను. మేడంకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

మేడం గదిలో పొయ్యక్క రిజిస్టరు బల్లమీద పెట్టి, ఆ పేజీ తెరిచి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆడపడుచు పేరు మాత్రం రానివ్వలేదు. ఎందుకు ఆర్పావంటే, ఆర్పాను అంది. మేడం మళ్ళీ అడిగేలోపు తలుపు దగ్గర ఆడపడుచు గొంతు వినిపించింది.

"కళ్ళు తిరిగి పడింది నేను మేడం. చెప్పొద్దని నేనే బతిమాలాను."

మేడం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కిటికీ అవతల ట్రాక్టరు నుంచి కట్టెలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మీరు పడిపోకూడదని ఆ నియమం పెట్టాను," అంది చివరికి. "పడిపోయి దాచుకోవడానికి పనికొచ్చింది. తప్పు నాదీ ఉంది. రేపటి నుంచి ఓవెన్ తెల్లవారుజామున ముట్టించి పదకొండుకల్లా ఆర్పేద్దాం. ఎండదెబ్బ తగిలినవాళ్ళకు నీడపట్టున పని ఇద్దాం, ఇంటికి పంపొద్దు."

తరవాత రిజిస్టరు తన వైపు తిప్పుకుంది.

"ఇలా ఇంకెన్నిసార్లు జరిగింది?"

"ఇదొక్కటే మేడం."

మేడం వెంటనే జవాబు చెప్పలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె పొయ్యక్క మాట విని ఆలోచించుకోవాల్సి వచ్చింది. ఆ కాసింత ఆలస్యం పొయ్యక్కకు ఉద్యోగం పోవడం కన్నా ఎక్కువ బాధ పెట్టింది.

"నమ్ముతున్నాను," అంది మేడం. "కానీ ఇకమీదట ఒక్క సంతకం చాలదు. నీ పక్కన ఇంకొకరిది కూడా ఉండాలి. ఇది శిక్ష అనుకోకు."

శిక్షే. ఇద్దరికీ తెలుసు. పొయ్యక్క తల ఊపి, పెన్ను అడిగి తీసుకుంది. మూడూ ముప్పావును ఒక గీతతో కొట్టేసి, పైన రెండుంపావు అని రాసింది. కొట్టేసిన అంకె కింద కనబడేలాగే ఉంచింది.

మర్నాడు ఎండ ముదరకముందే మొదటి బ్యాచి తీశారు. రెండో సంతకానికి సీసాల అమ్మాయి వచ్చింది. మొహమాటపడుతూ, ఇటు చూడకుండానే పెన్ను అందుకుంది. పొయ్యక్క రిజిస్టరు వెనక్కి లాక్కుంది.

"అలా కాదమ్మా. గడియారం చూడు. ముల్లు చూడు. మధ్యలోంచి ఒక పెట్టె తీసి విరిచి చూడు. అప్పుడు పెట్టు."

ఆ పిల్ల చూసి, విరిచి, అప్పుడు పెట్టింది. ఆ సంతకం గీతలు గీతలుగా, చదవడానికి వీల్లేకుండా ఉంది. దాని పక్కన పొయ్యక్క తన గుండ్రటి అక్షరాలు ఒక్కొక్కటే పెట్టింది.

గాజు బిళ్ళల్లో ఆరింటికి రెండు పాడయ్యాయి, నాలుగు తెల్లబడ్డాయి. వాటి నుంచి విత్తనం తీసి, చల్లదనం యంత్రం ఆపేసి, ముప్పై ఎనిమిది డిగ్రీల గదిలో పదిహేను అచ్చులు పెట్టి చూశారు. ఐదు రోజులకు కాదు, ఏడు రోజులకు అల్లుకుంది. మూడు అచ్చులు బోడిగానే ఉండిపోయాయి. మిగతా పన్నెండూ అంచుల దాకా తెల్లగా నిండాయి. మేడం పన్నెండింటినీ చేత్తో తడిమి, వెళ్ళి, వచ్చే వేసవికి కట్టెలు కావాలని రైతులకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది.

ఆ రకానికి ఒక పేరు కావాలి. సీసాల అమ్మాయి దానికి పొయ్యక్క పేరు పెడతానంది. హాజరు పట్టీలో ఉన్న అసలు పేరు.

"వద్దమ్మా," అంది పొయ్యక్క. "పుస్తకంలో గీత గీశావు చూడు, ఆ అంకె పెట్టు."

సీసాల మీద అదే రాశారు. షెడ్డులో అందరి నోళ్ళలోనూ అదే నానింది. రెండున్నర ఇంకో సంచి తెండి అంటారు. రెండున్నర బాగా పట్టింది అంటారు. కొత్తగా చేరినవాళ్ళకు ఆ పేరెందుకొచ్చిందో తెలియదు. ఓవెన్ పక్కన నిలబడి పొయ్యక్క రోజుకు పదిసార్లు ఆ మాట వింటుంది. విన్నప్పుడల్లా ఒకసారి గోడ గడియారం వైపు చూసి, ముల్లు చూస్తుంది; నాలుగు గంటలూ నిండాక రెండో సంతకం కోసం సీసాల గది తలుపు తడుతుంది.